ఫ్రిగేట్‌ను ‘అదృశ్య నౌక’ అనకండి

సంపాదకులకు నమస్కారం.

2025 ఆగస్టు 26న విశాఖలో ఉదయగిరి, హిమగిరి ఫ్రిగేట్లు (మధ్యస్థాయి యుద్ధనౌకలు) నౌకాదళంలో చేరాయి. అప్పటి నుంచి ‘శత్రువుకు కనిపించని నౌక’, ‘అదృశ్య యుద్ధనౌక’ అన్న మాటలు వార్తల్లో తరచూ చదువుతున్నాం. 149 మీటర్ల పొడవు, సుమారు 6,700 టన్నుల బరువు ఉన్న ఓడ కనిపించకుండా ఎక్కడికి పోతుంది? ఇంగ్లిష్‌లో వీటిని ‘స్టెల్త్’ నౌకలంటారు. ఆ మాటకు అర్థం కనిపించకపోవడం కాదు, శత్రువు పసిగట్టే ఆనవాళ్లు తగ్గించడం. భావనపాడు నుంచి చింతపల్లి దాకా రాత్రి వేటకు వెళ్లేవాళ్ల ఇళ్లలోనూ మీ పత్రిక చదువుతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

రాడార్ పంపిన తరంగం దేనికైనా తగిలి వెనక్కి వస్తేనే తెర మీద చుక్క పడుతుంది. ఇనుప పలకలు లంబకోణంలో కలిసే మూలకు తగిలితే అది వచ్చిన దారినే తిరిగిపోతుంది. పాత యుద్ధనౌకల నిండా ఇలాంటి మూలలే: నిలువు గోడలు, వాటిని ఆనుకున్న డెక్కు, నిచ్చెనలు, బయట వేలాడే పడవలు. శివాలిక్ (2010) నుంచి మన ఫ్రిగేట్ల పక్కగోడలను వాలుగా కట్టడం అందుకే. తరంగం ఆకాశంలోకో నీళ్లలోకో పక్కకు పోతుంది. ఉదయగిరిలో బ్రహ్మోస్, బరాక్-8 క్షిపణులు డెక్కు కింద నిలువు గొట్టాల్లో ఉంటాయి, పడవలు తలుపుల వెనక ఉంటాయి. ఇంతా చేస్తే వచ్చే లాభం ఎంత? లెక్క ప్రకారం, తిరిగివచ్చే తరంగాన్ని పదహారో వంతుకు తగ్గిస్తే రాడార్ పట్టుకునే దూరం సగమవుతుంది. 40 కిలోమీటర్ల దూరంలో దొరికే ఓడ 20 కిలోమీటర్ల దగ్గర దొరుకుతుంది, అంతే. యుద్ధంలో ఆ సగం చాలా విలువైనది. మీదికి వచ్చే క్షిపణిని మోసం చేయడానికి గాలిలోకి చిమ్మే చాఫ్ (రాడార్ తరంగాన్ని తిప్పిపంపే సన్నని తునకలు) మబ్బు, రాడార్‌కు ఓడకంటే పెద్దగా కనిపించే వీలు అప్పుడే ఉంటుంది.

ఆకారం కుదిరింది కదా అని ఊరుకుంటే కుదరదు. మరమ్మతుల్లో ఎవరో సౌకర్యం కోసం డెక్కు మీద ఒక బ్రాకెట్ వెల్డింగ్ చేసినా, పడవ గది తలుపు సరిగా మూసుకోకపోయినా మళ్లీ ఒక మూల తయారైనట్టే.

రాడార్ గురించి అందరూ రాస్తారు, చప్పుడు గురించి ఎవరూ రాయరు. జలాంతర్గామి ఫ్రిగేట్‌ను ముందుగా పసిగట్టేది చెవితోనే. ఓడలో జనరేటర్లను నేరుగా అడుగుకు బిగించరు. యంత్రం కింద కంపనాన్ని తగ్గించే రబ్బరు దిమ్మలు (మౌంట్లు), వాటి కింద బరువైన ఇనుప చట్రం, దాని కింద మళ్లీ రబ్బరు మౌంట్లు, ఆ తర్వాతే ఓడ అడుగు. పైపులు కూడా మెత్తటి జాయింట్ల ద్వారానే యంత్రాన్ని చేరతాయి. ఇవన్నీ పాడయ్యే తీరు చూస్తే నవ్వొస్తుంది. నూనె కారి రబ్బరు చెడుతుంది. తనిఖీకి ముందు ముచ్చటగా దాని మీద రంగు పూస్తే గట్టిపడుతుంది. చట్రం కింద జారిపడిన ఒక్క స్పానర్ అడుగుకు ఆనిందంటే, రెండు పొరల రబ్బరునూ దాటుకుని కంపనం సముద్రంలోకి పోతుంది. అందుకే సముద్రంలోకి వెళ్లే ముందు టార్చిలైటు పట్టుకుని ప్రతి మౌంటు చుట్టూ ఖాళీ ఉందో లేదో చూడాలి.

ఇంకో పెద్ద చప్పుడు ప్రొపెల్లర్‌ది. రెక్క వేగంగా తిరిగితే దాని వెనక పీడనం పడిపోయి నీటిలో బుడగలు పుడతాయి, పుట్టిన వెంటనే పగులుతాయి. ఆ పగుళ్ల మోత చాలా దూరం వినిపిస్తుంది, రెక్క లోహాన్నీ తొలిచేస్తుంది. రెక్క అంచున చిన్న గాటు పడినా, గుల్లలు పట్టినా ఈ బుడగలు తక్కువ వేగంలోనే మొదలవుతాయి. విశాఖ, గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద పనిచేసే మన జిల్లా వాళ్లకు గుల్లల సంగతి చెప్పనక్కర్లేదు. బంగాళాఖాతంలాంటి వెచ్చని నీళ్లలో, ఓడ కదలకుండా జెట్టీకి కట్టి ఉన్నప్పుడే అవి ఎక్కువగా పడతాయి. గుల్లలను ఆపే రంగు కూడా ఓడ నడుస్తుంటేనే బాగా పనిచేస్తుంది. డైవర్లు దిగి గీకడం, కొన్నేళ్లకోసారి డ్రై డాక్ (నీళ్లు తోడేసి ఓడ అడుగును బయటపెట్టే రేవు) తప్పవు.

ఓడను పట్టిచ్చే మరో ఆనవాలు వేడి, దాని సంగతి క్లుప్తంగా చెబుతాను. ఓడ వేగం రెట్టింపు కావాలంటే సుమారు ఎనిమిది రెట్ల శక్తి కావాలి. మామూలు గస్తీకి రెండు డీజిల్ ఇంజన్లు, పరుగుకు రెండు గ్యాస్ టర్బైన్లు పెట్టింది అందుకే. టర్బైన్ పొగ 500 డిగ్రీలు దాటుతుంది. పొగగొట్టంలో బయటి గాలి కలిపి దాన్ని చల్లబరుస్తారు. సముద్రపు ఉప్పు, టర్బైన్‌లోకి గాలిని నొక్కి పంపే కంప్రెసర్ బ్లేడ్లకు పడితే శక్తి తగ్గి, పొగ ఇంకా వేడెక్కుతుంది. వడపోత గుడ్డలు మార్చడం, లవణాలు లేని మంచినీటితో బ్లేడ్లు కడగడం ఎంత క్రమంగా చేస్తే ఓడ అంత చల్లగా ఉంటుంది.

మాటలో మాట. ‘గంటకు 28 నాట్లు’ అని రాయకండి. మనకు నాట్లంటే వరి నాట్లే గుర్తొస్తాయి గానీ, ఓడల నాట్‌లోనే ‘గంటకు’ ఇమిడి ఉంది. 28 నాట్లంటే గంటకు సుమారు 52 కిలోమీటర్లు. అలాగే ‘6,700 టన్నులు మోయగలదు’ అన్నదీ తప్పే. అది ఓడ మొత్తం బరువు.

ఇక వేటకు వెళ్లేవాళ్ల సంగతి. ఫ్రిగేట్ ఇతర ఓడల రాడార్‌లో చిన్న పడవలా కనిపించవచ్చు. యుద్ధనౌకల్లో మాస్టు మీది రెండు తెల్లదీపాలు చాలాసార్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి, రాత్రి కంటికి కూడా ఓడ పొట్టిగా అనిపిస్తుంది. ఉనికిని ప్రకటించే ఏఐఎస్ సంకేతం యుద్ధనౌకలకు తప్పనిసరి కాదు. 2018 నవంబర్ 8 తెల్లవారుజామున నార్వే ఫ్రిగేట్ హెల్గే ఇంగ్‌స్టాడ్ ఏఐఎస్ సంకేతం పంపకుండానే వెళుతోంది. బ్రిడ్జి (ఓడను నడిపే గది)లోని వాళ్లు ఎదురొస్తున్న సోలా టీఎస్ ట్యాంకర్ దీపాలను కదలని దీపాలనుకున్నారు. ఢీకొన్నాక నీరు వెనక జనరేటర్ గదిలోకి, అక్కడి నుంచి బోలుగా ఉన్న ప్రొపెల్లర్ షాఫ్టుల గుండా గేర్‌బాక్సు గదిలోకి పాకింది. టర్బైన్ వెనక్కి తిరగదు కాబట్టి ఓడను వెనక్కి నడపడానికి ప్రొపెల్లర్ రెక్కల కోణమే మారుస్తారు, దానికి కావలసిన నూనె పైపులు షాఫ్టు లోపలి నుంచే వెళతాయి. షాఫ్టు బోలుగా ఉండటానికి కారణం అది. 137 మందీ బతికారు, ఓడ దక్కలేదు.

ఫైబర్ బోటు, చెక్క పడవ రాడార్ తరంగాన్ని పెద్దగా తిప్పిపంపవు. ఫ్రిగేట్ ఏ మూలలను వదిలించుకుందో ఆ మూలలే పడవకు కావాలి. మూడు లోహపు పలకలను లంబకోణంలో కలిపిన రాడార్ రిఫ్లెక్టర్‌ను వీలైనంత ఎత్తులో కట్టాలి. పలకలు వంగి కోణం తప్పితే అది పనిచేయదు. ట్రాలింగ్ కాని వేటలో పైన ఎర్ర దీపం, దాని కింద తెల్ల దీపం అన్ని వైపులా కనిపించాలి. వల 150 మీటర్లకు మించి పరిచి ఉంటే ఆ వైపు మరో తెల్ల దీపం పెట్టాలి.

స్టెల్త్‌కు తెలుగు మాట కావాలనుకుంటే ‘ఆనవాలు తగ్గించిన నౌక’ అని రాయవచ్చు.

— నౌకా ఇంజినీరింగ్ విశ్రాంత ఉద్యోగి,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా