వచ్చే కోడలికో న్యాయం, వెళ్లే ఆడపడుచుకో న్యాయం

సంపాదకుడు గారికి,

అయ్యా,

ఐరోపా రాజవంశాల పెళ్లిళ్లపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం, వధువులు మతం మారడాన్ని ఆద్యంతం ప్రేమ కోసం చేసిన త్యాగంగానే వర్ణించింది. దాని వెనుక చట్టాల ఒత్తిడీ, పుట్టింటివారి పంతాలూ ఎంతగా పనిచేశాయో అందులో కనిపించలేదు.

జర్మన్ చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్ సంగతే చూడండి. ఆయన చెల్లెలు సోఫియా 1889లో గ్రీసు యువరాజు కాన్‌స్టాంటైన్‌ను పెళ్లాడి, ఆ తరువాత లూథరన్ అనే ప్రొటెస్టంట్ శాఖను వదిలి, గ్రీసు, రష్యాలు పాటించే ఆర్థడాక్స్ శాఖలో చేరాలని నిశ్చయించుకున్నారు. అన్నగారు మండిపడి, మూడేళ్లపాటు జర్మనీ గడప తొక్కరాదని ఆంక్ష విధించారు. ఆ రోజుల్లోనే తన భార్యకు నెలలు నిండకుండా కాన్పు అయితే, ఆ నెపాన్నీ చెల్లెలి మీదికే నెట్టారు. అదే విల్‌హెల్మ్, 1894లో జర్మనీలోని కోబర్గ్‌లో, మతం మారడానికి మనసొప్పక రష్యా యువరాజు నికొలస్‌ను కాదంటున్న తన పినతల్లి కూతురు ఆలిక్స్‌కు దగ్గరుండి నచ్చజెప్పారు. వదిలే శాఖ అదే, చేరే శాఖా అదే. రష్యాతో వియ్యం అక్కరకు వస్తుందనుకున్నారు కాబోలు, ఈసారి ఆయన ధర్మాగ్రహం ఎక్కడా కానరాలేదు.

నెదర్లాండ్స్ రాణి జూలియానా కుమార్తె ఐరీన్ ప్రొటెస్టంట్ శాఖను వదిలి క్యాథలిక్‌గా మారి 1964లో రోమ్‌లో పెళ్లి చేసుకుంటే తల్లిదండ్రులు వెళ్లలేదు, ఆమె వారసత్వ హక్కూ పోయింది. అయితే వరుడు స్పెయిన్ సింహాసనం తమదేనంటున్న వంశంవాడు కావడం వల్ల ఆ గొడవను మతానికే పరిమితం చేయలేం.

బ్రిటన్‌లో మాత్రం చిక్కు నేరుగా, సింహాసన వారసులు క్యాథలిక్‌లు కారాదు, క్యాథలిక్‌లను పెళ్లాడరాదు అన్న 1701 నాటి చట్టంలోనే ఉంది. క్యాథలిక్ మహిళను పెళ్లాడినందుకు 1978లో కెంట్ యువరాజు మైకేల్ వారసత్వ వరుసలో స్థానం కోల్పోయారు. ఎలిజబెత్ రాణి మనుమడు పీటర్ ఫిలిప్స్‌కు 2008లో ఆ గతి పట్టలేదంటే, కాబోయే భార్య పెళ్లికి ముందే క్యాథలిక్ శాఖను వదిలి, ఇంగ్లండ్ అధికారిక చర్చి అయిన ఆంగ్లికన్ చర్చిలో చేరడమే కారణం. 2013లో చేసిన చట్టం 2015లో అమలులోకి వచ్చాక ఆ నిషేధం తొలగి, మైకేల్ స్థానం ఆయనకు తిరిగి దక్కింది. కానీ నేటికీ ఆ సింహాసనం ఎక్కేవారు క్యాథలిక్‌ను పెళ్లాడవచ్చు గాని, తాము క్యాథలిక్ కారాదు. కనుక అటువంటి దంపతులకు పుట్టి, రేపు సింహాసనం ఎక్కాల్సిన తొలి బిడ్డకు ఏ చర్చిలో జ్ఞానస్నానం చేయించాలన్నది ఆ కుటుంబం ఇష్టానికి మాత్రమే వదిలిన విషయం కాదు. వ్యాసకర్త ఈ అంశంపై మరో వ్యాసం రాస్తే చదవాలని ఉంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
విజయనగరం