కుక్క కాళ్లు పగిలితే ఎండ ఒక్కటే కారణం కాదు

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదరగానే వడదెబ్బ జాగ్రత్తలు రోజూ వేస్తారు, బాగుంది, ఆ పక్కనే కుక్కలు పెంచుకునేవాళ్ల కోసం కూడా ఓ నాలుగు లైన్లు వేయమని అడగడానికే ఈ ఉత్తరం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం గానీ చెప్పుల్లేకుండా తిరిగే కుక్క అరికాళ్ల సంగతి ఎవరికీ పట్టదు.

మే నెలలో వడ్డేపల్లి చెరువు వైపు పొద్దున తొమ్మిది దాటాక వెళ్లి చూడండి. ఫోన్ మాట్లాడుకుంటూ ఒకాయన లాబ్రడార్‌ను గుంజుకుపోతుంటాడు, అదేమో ఒక కాలు ఎత్తి, దాన్ని దించి ఇంకోటి ఎత్తి, కాస్త గడ్డి కనిపిస్తే చాలు అటు లాగుతుంటుంది, ఆయన దానికి మొండితనం అని పేరు పెడతాడు. గాలిలోనే 43, 44 డిగ్రీలున్న రోజున తారు రోడ్డు అంతకు మించి కాలుతుంది, పొద్దుగూకినా వెంటనే చల్లారదు. చేతి వెనుక వైపు రోడ్డుకు ఆనించి 7 సెకన్లు ఉంచలేకపోతే కుక్కను ఇంటికి తీసుకుపోవాల్సిందే.

దానికన్నా నాకు ఎక్కువ కోపం తెప్పించేది, పగులు కనపడగానే ఎండే అనుకుని చేతికి దొరికింది పూయడం. వాడేసిన ఇంజన్ ఆయిల్ పూసేవాళ్లు ఇంకా ఉన్నారు! కుక్క కాలు నాకకుండా ఉంటుందా, ఆ విషమంతా కడుపులోకే కదా. మన మడమలకు రాసుకునే క్రీములూ వద్దు, వాటిలో కొన్నింటిలో సాలిసిలిక్ యాసిడ్ ఉంటుంది, నాకితే అదీ కడుపులోకే.

ముందు కాలు పట్టుకుని చూడండి. వేళ్ల మధ్య ఎర్రబడి, అక్కడి తెల్ల వెంట్రుకలు తుప్పు రంగుకు తిరిగితే అది తెగ నాకుతోందని అర్థం, అలర్జీయో ఫంగసో ఉండొచ్చు, బండలు తుడిచే ఫినాయిల్, యాసిడ్ పడకపోయినా అంతే. మూతి చుట్టూ, కళ్ల చుట్టూ కూడా పొక్కులు కడితే జింక్ తక్కువైందేమో అడగాలి. ఏళ్ల తరబడి పెరుగన్నం మీదే పెంచితే ఇది రావొచ్చు, కొన్ని హస్కీలకైతే పుట్టుకతోనే ఈ ఇబ్బంది ఉంటుంది (ఓరుగల్లు ఎండల్లో హస్కీని ఎందుకు పెంచుతారో నాకైతే అర్థం కాదు). ముక్కు, అరికాళ్లు రెండూ గట్టిపడి, కళ్లలో పుసి, దగ్గు, కాళ్లు కొట్టుకోవడం ఉంటే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు కావొచ్చు, అప్పుడు ఇంట్లో ఏ మందూ పనికిరాదు, వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. ఆ టీకా పిల్ల 6 నుంచి 8 వారాల వయసులో ఉన్నప్పుడే మొదలుపెట్టాలి, బూస్టర్లు మానేయొద్దు.

మామూలు పొడి పగుళ్లకు మాత్రం పెద్ద ఖర్చేం లేదు. గోరువెచ్చని నీళ్లతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా ఒత్తి, రాత్రి పూట వాసన లేని వాజెలిన్ పల్చగా రాసి, అది ఇంకేదాకా నాకకుండా పక్కన కూర్చుంటే చాలు. రోజూ దట్టంగా రాయొద్దు, అరికాలు మరీ మెత్తబడితే చిన్న రాయికే తెగుతుంది. రక్తం కారినా, చీము పట్టినా, కుంటినా ఆస్పత్రికే.

మామునూరులో వెటర్నరీ కాలేజీ మన పక్కనే ఉంది, అక్కడి డాక్టర్లతో వారానికో చిన్న కాలమ్ రాయించండి. కాకపోతే మార్చిలోనే మొదలుపెట్టండి, మే దాకా ఆగితే అప్పటికే సగం కుక్కల కాళ్లు కాలిపోయి ఉంటాయి.

— ఒక పాఠకుడు, హన్మకొండ