బార్ లైబ్రరీ బీరువా తాళం ఎవరి దగ్గరుంది?

సంపాదకుడికి,

అయ్యా,

గత నెల మా కోర్టు బార్ రూమ్‌లో జరిగిన సంగతి ఇది. భాగం దావా వేద్దామని ఒకావిడ వచ్చింది. పిత్రార్జితం నాలుగెకరాల పల్లం. నాన్న 1998లో పోయాడు. అన్నదమ్ములిద్దరూ ఆవిడకు సెంటు భూమి కూడా ఇవ్వలేదు. మా జూనియర్ ఫోన్‌లో నాలుగు మాటలు కొట్టి అయిదు నిమిషాల్లో తేల్చేశాడు. ‘‘కూతుళ్లకు సమాన హక్కిచ్చిన చట్ట సవరణ అమల్లోకొచ్చిన 2005 సెప్టెంబర్ 9 నాటికి మీ నాన్నగారు బతికి ఉండాలండీ. లేరు కాబట్టి మీకు హక్కు రాదు.’’ చూపించిన తీర్పు నిజమైనదే, సుప్రీంకోర్టుదే: ప్రకాశ్ వర్సెస్ ఫూలవతి, 2015. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని లేవబోతుంటే నేనే మళ్లీ కూర్చోబెట్టాను.

ఆ మాట ఇప్పుడు చెల్లదు. 2018లో దానమ్మ కేసులో అదే సుప్రీంకోర్టు ఇంకోలా చెప్పింది. రెండూ ఇద్దరేసి జడ్జీల తీర్పులే కావడంతో ఏది నమ్మాలో కింది కోర్టులకు తెలియలేదు. ఆ చిక్కుముడిని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల బెంచి విప్పింది. కూతురి హక్కు పుట్టుకతో వచ్చేది, తండ్రి ఆ తేదీకి బతికుండాల్సిన పని లేదు అంది. మావాడికి పాత తీర్పు ముందు తగిలింది, అక్కడే ఆగిపోయాడు. పైగా 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం చూసినా తండ్రి వాటాలో కూతురికి ఎంతో కొంత రావాల్సిందే. ‘హక్కు రాదు’ అనడమే తప్పు.

అంతకంటే నన్ను కలవరపెట్టింది వేరే ఉంది. ఆవిడ పెళ్లి 1988లో జరిగింది. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగా, 1986లోనే మన ఉమ్మడి రాష్ట్రం హిందూ వారసత్వ చట్టంలో 29ఎ సెక్షన్ చేర్చింది. 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు. ఆ రోజుకు పెళ్లికాని కూతురు కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో కోపార్సెనర్ (పుట్టుకతోనే వాటా ఉన్న హక్కుదారు). అంటే 2005 గొడవతో సంబంధం లేకుండా, తండ్రి బతికుండగానే ఆవిడ హక్కుదారు. ఫోన్‌లో ‘కూతురు, ఆస్తి, 2005’ అని కొడితే 29ఎ ఎందుకు కనపడుతుంది? అలాంటిదొకటి ఉందని తెలిస్తేగా వెతికేది!

హిందూ లా మీద మంచి కామెంటరీ (చట్టాన్ని సెక్షన్లవారీగా వివరించే పుస్తకం) తెరిస్తే ఇవన్నీ ఒకే అధ్యాయంలో దొరుకుతాయి. రాష్ట్రాల సవరణలు, ఆ తర్వాత 2005, కింద ఫుట్‌నోట్లలో తీర్పులు వరసగా ఉంటాయి. కొనలేకపోతే చట్టాల్లో మార్పులు సూచించే కేంద్ర లా కమిషన్ 174వ నివేదిక ఉంది, వెబ్‌సైట్‌లో ఉచితం. 2000లో అది వచ్చేనాటికి చైర్మన్ మన తెలుగాయనే, జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక కూతుర్ని కోపార్సెనర్ చేసిన తీరునూ, కేరళ ఉమ్మడి కుటుంబాన్నే రద్దు చేసిన తీరునూ అందులో పక్కపక్కన పెట్టి చర్చించారు. గంటసేపు అది చదివాక ఫోన్ తీస్తే ఏ మాట కొట్టాలో తెలుస్తుంది.

కామెంటరీ చూపించి కేసు గెలవలేం, నిజమే. జడ్జిగారు అడిగేది సెక్షన్, తీర్పు. తీర్పు పైన ఉండే హెడ్‌నోట్ కూడా తీర్పులో భాగం కాదు, అది రిపోర్టులు అచ్చువేసేవాళ్లు రాసుకున్న సారాంశం. కాబట్టి కామెంటరీ దారి చూపించాక అసలు తీర్పు మొత్తం చదవాల్సిందే. కానీ కుర్రాళ్లు ఈ మొదటి మెట్టు ఎక్కకుండానే రెండోదాని మీదికి దూకుతున్నారు. ఇప్పుడు ఏఐ కూడా తోడైంది. 2023లో న్యూయార్క్‌లో, చాట్‌జీపీటీ పుట్టించిన తీర్పుల్ని నిజమనుకుని కోర్టులో దాఖలు చేసిన వకీళ్లకు 5,000 డాలర్ల జరిమానా పడింది. ఆ కేసులు అసలు లోకంలోనే లేవు.

అలాగని తప్పంతా మా కుర్రాడిదే అనలేను. మా బార్ లైబ్రరీ బీరువా తాళం అటెండర్ దగ్గరుంటుంది, ఆయన ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు. ఆ రోజు ఎలాగో తెరిపించాం. దొరికిన హిందూ లా కామెంటరీ 1990ల నాటిది. అట్ట మీద అసోసియేషన్ రబ్బరు స్టాంపు, లోపల పేజీల్లో పురుగు తొలిచిన దారులు. అందులో 29ఎ ఉంది, 2005 లేదు. ఫోన్‌లో 2005 ఉంది, 29ఎ లేదు. ఎడిషన్ ఏ సంవత్సరానిదో చూడకుండా పుస్తకాన్ని నమ్మినా మునిగేది కక్షిదారే.

క్రిమినల్ వైపు ఇంకా అధ్వానం. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 420 కాస్తా 318(4) అయింది. అంతకుముందు జరిగిన నేరాలకు పాత ఐపీసీయే వర్తిస్తుంది కాబట్టి రెండు కామెంటరీలూ ఉండాలి. మా బీరువాలో కొత్తది ఒక్కటీ లేదు.

రెండు రాష్ట్రాల బార్ కౌన్సిళ్లనూ హైకోర్టులనూ కోరేది ఒకటే. మఫసిల్ (చిన్న ఊళ్ల) కోర్టుల లైబ్రరీల్లో ముఖ్యమైన చట్టాలకు తాజా కామెంటరీలు, ఒక లా డిక్షనరీ పెట్టించండి. ఆ గది కోర్టు వేళల్లో తెరిచి ఉండేలా చూడండి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో పోటీ పరీక్షల గైడ్ల పక్కన మామూలు జనానికి అర్థమయ్యే తెలుగులో చట్టాల పుస్తకాలకు ఒక అర ఇవ్వలేరా? ఆవిడ మా దగ్గరికి రాకముందే 29ఎ గురించి చదివి ఉంటే, మా జూనియర్ మాటకు కళ్లనీళ్లు పెట్టుకునేది కాదు.

దావా వచ్చే సోమవారం ఫైల్ చేస్తున్నాం. ప్లెయింట్‌లో 29ఎ పేరా మా జూనియరే రాశాడు, బాగా రాశాడు. బీరువాకు మారు తాళంచెవి నా డబ్బుతోనే చేయించాను. అది ఇప్పుడు వాడి దగ్గరుంది.

ఇట్లు,
ఒక మఫసిల్ న్యాయవాది,
పశ్చిమ గోదావరి జిల్లా