కొలత కప్పు తప్పిన సంగతి: పాడి రైతులకు మా దుకాణం వివరణ

హయత్‌నగర్‌లోని మా దుకాణంలో పాడి పశువుల ఖనిజ లవణ మిశ్రమం కొంటున్న రైతులందరికీ నమస్కారం. గత జూన్ రెండో వారం నుంచి సెప్టెంబరు చివరి వరకు మీరు కొన్న 5 కిలోల సంచులలో పొడి సరైనదే గాని, దానితోపాటు మేము ఇచ్చిన ప్లాస్టిక్ కప్పు తప్పు కొలత ఇచ్చింది. అంచుకు సమంగా తలకొట్టి తీస్తే 50 గ్రాములు రావలసిన కప్పులో 35 గ్రాములే పట్టింది. ఈ మూడున్నర నెలలూ మీరు మేము చెప్పినట్లే పెట్టారు, మీ పశువులకు మాత్రం చెప్పినంత అందలేదు.

ఈ తప్పు ఒక మెప్పుతో బయటపడింది. యాచారం వైపు నుంచి వచ్చే ఒక రైతు, రెండు ఆవులకు రోజుకొక్కో కప్పు పెడుతున్నా మా సంచి చాలా రోజులు వస్తోందని నలుగురిలో పొగిడారు. నేనూ సంతోషించాను. రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు లెక్క తట్టింది: రోజుకు 100 గ్రాముల చొప్పున ఆ సంచి 50 రోజులకు అయిపోవాలి, ఆయనకు 70 రోజులు దాటింది. మరునాడు పొద్దున్నే కప్పును త్రాసులో పెట్టి చూస్తే విషయం తెలిసింది. మే నెలలో, ధర కొంత కలిసి వస్తుందని, మిశ్రమానికి కాల్షియం, భాస్వరం ఇచ్చే ముడిసరుకైన డైకాల్షియం ఫాస్ఫేట్‌ను వేరొకరి దగ్గర కొనడం మొదలుపెట్టాము. పాత సరుకు రవ్వలా బరువుగా ఉండేది, కొత్తది మైదాలా తేలికగా ఉంది. ముడిసరుకు మారినప్పుడు కప్పును మళ్ళీ తూచి చూడవలసిన బాధ్యత నాది. దుకాణంలో పనిచేసే కుర్రవాళ్ళది కాదు. పొడిని ప్రయోగశాలలో పరీక్ష చేయించాను. సంచి మీద ముద్రించినట్లే కాల్షియం 20 శాతం, భాస్వరం 12 శాతం ఉన్నాయి. ఆ ముడిసరుకుతోపాటు వచ్చే ఫ్లోరిన్ కూడా పరిమితికి లోబడే ఉంది. నల్లగొండ వైపు నీళ్ళలోనే ఫ్లోరైడు ఎక్కువ గనుక ఆ ఒక్క అంకె కోసం నేను ఎక్కువ ఆందోళన పడ్డాను.

ఇప్పుడు ఈ లోటు ఎంతటిదో చూద్దాము. లీటరు పాలలో సుమారు 1.2 గ్రాముల కాల్షియం, ఒక గ్రాముకు కాస్త తక్కువగా భాస్వరం బయటికి పోతాయి. వరిగడ్డిలో భాస్వరం చాలా తక్కువ. కాల్షియం కొంత ఉన్నా ఆక్సలేట్లు దానిని పట్టి ఉంచుతాయి. కాబట్టి వరిగడ్డే ప్రధానమైన మేతగా ఉన్న ఆవుకు కప్పు నుంచి రావలసిన 6 గ్రాముల భాస్వరానికి బదులు 4.2 గ్రాములే అందడం చిన్న తేడా కాదు. భాస్వరం, రాగి, జింక్, మాంగనీసు చాలకపోతే ఈనిన పశువు ఆలస్యంగా ఎదకు రావడం, వచ్చినా లక్షణాలు బయటికి కనిపించని మూగ ఎదగా పోవడం, కృత్రిమ గర్భధారణ సూది వేయించినా పొర్లడం, అంటే గర్భం నిలవక మళ్ళీ మళ్ళీ ఎదకు రావడం జరుగుతాయి. సెలీనియం లోటు ఉన్నచోట ఈనిన తరువాత మాయ పడకపోవడం ఎక్కువగా చూస్తాము. పచ్చిమేత, తవుడు బాగా పెట్టిన ఇళ్ళలో ఈ తేడా తెలిసి ఉండకపోవచ్చు.

పోయిన మూడున్నర నెలల లోటును ఒక్కసారిగా తీర్చాలని దయచేసి రెట్టింపు పెట్టకండి. రాగి కాలేయంలో పేరుకుంటుంది. సెలీనియం విషయంలో అవసరానికీ విషానికీ మధ్య దూరం తక్కువ. జింక్‌కు శరీరంలో నిల్వ దాదాపు ఉండదు గనుక అది ఏ రోజుకు ఆ రోజు అందవలసిందే. మామూలు పశువుకు 50 గ్రాములు, పది లీటర్లకు మించి ఇచ్చేదానికి 100 గ్రాములు, రోజూ తప్పకుండా పెడితే చాలు. అండం పెరిగి విడుదల కావడానికి రెండు మూడు నెలల కాలం పడుతుంది గనుక పదిహేను రోజులకే ఫలితం వెతకవద్దు. పొడిని కుడితిలో కలిపితే సగం తొట్టి అడుగున మిగిలిపోతుంది, తడిపిన దాణాలో కలపండి.

ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. మా సంచి మీద “చూడి కట్టడం ఖాయం”, అంటే గర్భం తప్పక నిలుస్తుందన్న వాక్యం నాలుగేళ్ళుగా ఉంది. అమ్మకానికి బాగుందని నేనే వేయించాను. ఈసారి అచ్చయ్యే సంచుల మీద అది ఉండదు. ఈనిన తరువాత పాలకు తగినంత మేత అందక, ఎముకలు కనిపించేంతగా చిక్కిన ఆవుకు ముందు కావలసినది శక్తినిచ్చే దాణా. కడుపులో నట్టలు ఉన్నా, గర్భాశయంలో చీము ఉన్నా కప్పు ఎంత నిండుగా పెట్టినా ఫలం లేదు. ఎద 21 రోజులకు ఒకసారి వస్తుంది. అది ఉదయం కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి ఉదయం సూది వేయించాలన్న సంగతి మీకు తెలిసినదే. గేదెలలో మాత్రం ఎద తరచుగా రాత్రివేళ, అరుపు లేకుండా గడిచిపోతుంది. పడుకునే ముందు లాంతరో టార్చో పట్టుకొని ఒకసారి కొట్టం చూసి రావడం వల్ల కలిగే లాభాన్ని నేను ఏ సంచిలోనూ నింపి అమ్మలేను. మూడుసార్లు పొర్లిన పశువును పశువైద్యునికి చూపించండి. నా దగ్గరికి మరో సంచి కోసం రావద్దు.

నగరంలో బీరు పిప్పి, తవుడు మీద గేదెలను పోషించేవారికి ఒక చిన్న సూచన. మీ మేతలో భాస్వరం ఇప్పటికే ఉంది, కాల్షియమే తక్కువ. మీకు ఇదే మిశ్రమం సరిపోతుందా, సున్నపురాయి పొడి కలపాలా అన్నది మేత వివరాలు చెబితే కలిసి చూద్దాము.

కొత్త కప్పులు ఎరుపు రంగులో వచ్చాయి. ప్రతి దానినీ ఈ పొడితోనే తూచి గీత గీశాము. పాత తెల్ల కప్పు తెచ్చి ఇచ్చిన ప్రతివారికీ ఎర్ర కప్పుతోపాటు ఒక కిలో పొట్లం ఉచితంగా ఇస్తాము, బిల్లు అడగము. దాటిపోయిన ఎదలకు, కోల్పోయిన పాలకు పరిహారం ఇచ్చే స్తోమత నాకు లేదు. ఆ మాట ముందే చెప్పడం మంచిదనుకున్నాను. సంచి ధర ఈ సంవత్సరం పెంచడం లేదు. దుకాణం ముందు ఒక చిన్న త్రాసు పెట్టాము, మీ కప్పును మీరే తూచుకోవచ్చు.