చిట్టికి, బామ్మ పాశురాల సంగతి

చెన్నై, టి. నగర్

చిరంజీవి చిట్టికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నీ దగ్గర నుంచి ఫోను వచ్చి మూడు వారాలైంది. బెంగళూరులో చలి ముదిరిందట. చెవులకు మఫ్లరు లేకుండా ఉదయం బయలుదేరవద్దు.

నిరుడు నీవు వ్రాసి ఇచ్చిన బ్యాచ్ ఫైలు (కంప్యూటరుకు వరుసగా ఆదేశాలిచ్చే చిన్న ఫైలు) సంగతి చెప్పాలని ఈ ఉత్తరం. ధనుర్మాసం వచ్చింది కనుక బామ్మ పాడిన క్యాసెట్లలోని తిరుప్పావై ముప్పై పాశురాలనూ పెన్‌డ్రైవులోకి ఎక్కించి, నీ ఫైలుతో ప్లేలిస్టు తయారుచేశాను. తెల్లవారుజామున నాలుగున్నరకు మీ అమ్మ దీపం పెట్టి వింటూ ఉండగా మొదటి పాశురం కాగానే పదవది వచ్చింది. అత్తయ్య ఏనాడూ వరుస తప్పలేదే అని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అందులోని డిర్ అనే ఆదేశం, అంటే ఫోల్డరులోని ఫైళ్ళ జాబితా ఇచ్చేది, పేర్ల వరుసలో పేర్చమంటే అంకెల విలువను బట్టి కాక అక్షరాలను బట్టి పేరుస్తుంది కనుక, 1 తరువాత 10 నుంచి 19 వరకు పోయి ఆపైనే 2కు వస్తుంది. మొదటి తొమ్మిదింటికీ ముందు సున్నా చేర్చి 01, 02 అని మార్చాక వరుస కుదిరింది. ఆపైన తెలుగు పేర్లు పెడితే జాబితా నిండా ప్రశ్నార్థకాలు పడ్డాయి. బ్యాచ్ ఫైలు మొదట, తెలుగు వంటి అన్ని లిపులకూ పనికొచ్చే యూటీఎఫ్-8 పద్ధతికి మార్చే సీహెచ్‌సీపీ 65001 అనే పంక్తి చేర్చి, జాబితాను అదే పద్ధతి ప్లేలిస్టు రకమైన ఎం3యూ8గా దాచాక అక్షరాలు నిలిచాయి. నీవు ఫోను చేస్తే అడుగుదామని రెండు రాత్రులు చూసి, చివరికి నేనే కూర్చున్నాను.

నిన్న దాన్ని సీతత్తయ్య ఇంటికి తీసుకువెళితే ఒక్క పాశురమూ పలకలేదు. డిర్ పక్కన నీవు పెట్టిన స్లాష్ ఎస్ (/s) అనే గుర్తు వల్ల ప్రతి ఫైలుకూ డ్రైవు అక్షరంతో సహా పూర్తి చిరునామా పడింది. మన ఇంట్లో E అనే అక్షరం పడిన పెన్‌డ్రైవుకు వారి కంప్యూటరులో F పడింది. స్లాష్ ఎస్ తీసివేసి, జాబితాను పాశురాలున్న ఫోల్డరులోనే ఉంచాను. అది సరిచేస్తూ ఉండగానే, నీవు ఉద్యోగం మానేశావని, ఇల్లు కూడా మారావని పండు అన్నాడు.

నిజమైతే నాకు కోపం లేదమ్మా. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకున్నావా? పాత కంపెనీ నుంచి రావలసిన కాగితాలన్నీ తీసుకున్నావా? పీఎఫ్ సొమ్ము తొందరపడి తీయవద్దు. రాత్రి భోజనం మానవద్దు. బామ్మ రికార్డింగుల నకలు ఇంకొకటి నీ దగ్గర ఉంచుకో, ఆ క్యాసెట్లు ఇక ఎక్కువ రోజులు ఆగవు.

అమ్మ కందిపొడి, నువ్వుల లడ్డూలు డబ్బాలో సర్ది గుడ్డ కట్టి ఉంచింది. ఏ చిరునామాకు పంపాలో తెలియక అది బల్ల మీదే ఉంది.

ఇట్లు,
నాన్న