అద్దాల అరలో చల్లదనం ఉందా?

సంపాదకులకు,

తక్కువ ఖర్చులో ఇంటిల్లిపాదీ బయట తినాలంటే చిన్న హోటళ్లు, బేకరీలే దిక్కు. వాటి మీద నాకు ఫిర్యాదేమీ లేదు, ఒక్క విషయంలో తప్ప. క్రీమ్ కేకులు పెట్టే అద్దాల అరలో లైటు వెలుగుతూనే ఉంటుంది గానీ, లోపల చల్లగా ఉందో లేదో కొనేవాళ్లకు తెలియదు. మొన్న ఒక బేకరీలో అడిగితే ‘మధ్యాహ్నం కాసేపు ఆపేస్తామండీ’ అన్నారు. కరెంటు బిల్లు టెన్షనట! 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. రుచీ వాసనా మారకపోవచ్చు, అదే అసలు చిక్కు. బయటికి కనిపించేలా అరలో ఒక థర్మామీటర్ పెట్టడానికి ఎంతవుతుంది? తనిఖీకి వచ్చే అధికారులు వంటగదితో పాటు ఈ అరలనూ చూడాలి. కేకు పక్కన తయారైన తేదీ చీటీ కూడా ఉంటే మరీ మంచిది.

– ఒక పాఠకురాలు