తెలుగు టైప్ చేసేవాళ్ళ కోసం కూడా కోడింగ్ గురించి రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో కోడింగ్ గురించి ఏది వచ్చినా ఉద్యోగాలు, ప్యాకేజీలు, ఇంజనీరింగ్ పిల్లల దగ్గరే ఆగిపోతోందండి. రోజంతా కూర్చుని తెలుగు కొట్టే డీటీపీ వాళ్ళు, ప్రూఫ్ రీడర్లు, ఆఫీసుల్లో క్లర్కులు, వీళ్ళకి పనికొచ్చే కోడింగ్ ఒకటుంది, దాని గురించి ఎవరూ రాయట్లేదు, అందుకే ఈ ఉత్తరం.

ఈమాక్స్ అని టెక్స్ట్ కొట్టి దిద్దుకునే ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ (ఎడిటర్) ఉంది. 1976లో ఎంఐటీ ఏఐ ల్యాబులో పుట్టింది, ఇప్పుడు వాడే గ్నూ ఈమాక్స్‌ని రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో బయటికి తెచ్చారు. మనకి కావాల్సిన కమాండ్ మనమే రాసి అందులో కలుపుకోవచ్చు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ కూడా అందులోనే ఉంది.

నేను పాత తెలుగు పుస్తకాల స్కాన్ల నుంచి తీసిన టెక్స్ట్ దిద్దుతుంటాను. స్కాన్ బొమ్మలోంచి అక్షరాలు గుర్తుపట్టే ఓసీఆర్ చేస్తే కామాకీ ఫుల్‌స్టాపుకీ ముందు స్పేస్ వచ్చి పడుతుంది, రీప్రింటుకి ౧౯౨౫ అని ఉన్నదాన్ని 1925 చెయ్యాలి, ఫైండ్ రీప్లేస్‌తో అయితే పది అంకెలకి పదిసార్లు, అదీ ప్రతి ఫైలుకీ. దాని బదులు ఈమాక్స్‌లో డీఫన్ (defun) అని మొదలుపెట్టి కమాండుకి ఒక పేరిచ్చి, కింద ఇంటరాక్టివ్ (interactive) అని రాసి, ఆ తర్వాత ఏది తీసి ఏది పెట్టాలో రాసుకుంటే అయిపోయింది. ఇంటరాక్టివ్ లేకపోతే మాత్రం ఆల్ట్ ఎక్స్ నొక్కి పేరు కొట్టినా కమాండ్ దొరకదు, కొత్తవాళ్ళు విసుగొచ్చి వదిలేసేది ఇక్కడే. ఆ కమాండుని ఇనిట్ ఫైల్లో, అంటే ఈమాక్స్ మొదలవగానే చదివే సెట్టింగుల ఫైల్లో పెట్టుకుంటే ఈమాక్స్ తెరిచిన ప్రతిసారీ రెడీగా ఉంటుంది, కీ కూడా ఇచ్చుకోవచ్చు, కంట్రోల్ సి తర్వాత ఒక అక్షరం అనే కీలన్నీ యూజర్ల కోసమే వదిలిపెట్టారు. కోడ్ అంటే భయమైతే ఎఫ్3 నొక్కి పని ఒకసారి చేసి చూపించి ఎఫ్4 నొక్కితే చాలు, మళ్ళీ ఎఫ్4 నొక్కినప్పుడల్లా అదే పని చేసి పెడుతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం. నెట్లో దొరికే క్లీనింగ్ కమాండ్లు కొన్ని కంటికి కనపడని క్యారెక్టర్లన్నీ తీసేస్తాయి, ఇంగ్లీషుకి అది పర్లేదు గానీ మన 'సాఫ్ట్‌వేర్' కాస్తా 'సాఫ్ట్వేర్' అయి కూర్చుంటుంది, ఎందుకంటే పొల్లుని పక్క అక్షరంతో కలవకుండా ఆపేది ఆ కనపడని క్యారెక్టరే. ఈ సంగతి తెలుగు కొట్టేవాళ్ళకి తెలుస్తుంది గానీ ఎక్కడో కూర్చుని కమాండ్ రాసినాయనకి ఎలా తెలుస్తుంది? అందుకే తెలుగుకి కావాల్సిన కమాండ్లు తెలుగు పని చేసేవాళ్ళే రాసుకోవాలి అంటున్నాను.

వాళ్ళకి ప్రోగ్రామింగ్ ఏం వస్తుందిలే అనకండి. 1978లో బెర్నార్డ్ గ్రీన్‌బర్గ్ మల్టిక్స్ అనే సిస్టమ్ మీద ఈమాక్స్ రాస్తే ఆయన ఆఫీసులో సెక్రటరీలు కూడా సొంత కమాండ్లు రాయడం మొదలుపెట్టారట, వాళ్ళకిచ్చిన పుస్తకంలో ఇది ప్రోగ్రామింగ్ అని ఎక్కడా చెప్పలేదు కాబట్టి భయపడలేదు అని స్టాల్‌మన్ 2002లో ఒక ప్రసంగంలో చెప్పారు.

మీ టెక్నాలజీ పేజీలో వారానికి ఒక చిన్న కమాండ్ వెయ్యండి, లైన్ లైన్‌కీ తెలుగులో వివరణ ఇచ్చి. మొదటి వారం ఆ స్పేస్ తీసే కమాండే వెయ్యండి, అది తెలుగు దిద్దే ప్రతివాళ్ళకీ పనికొస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు